మీరడిగారు: మన హైదరాబాద్‌కి ఏ తాబేలు పడుతుంది?

ప్రశ్న: మాది నాగోలు. సొంతిల్లు, వెనకాల 30 గజాల పెరడు, అందులో ఒక జామచెట్టు. పదకొండేళ్ల మా బాబు తాబేలు కావాలని ఏడాదిగా ఒకటే గొడవ. ఒక షాపతను సుల్కటా అనే ఆఫ్రికా తాబేలు పిల్లని చూపించి, ఎడారిది మేడమ్, మన ఎండలకి దీన్ని మించింది లేదు అన్నాడు. మా అన్నయ్యేమో నక్షత్ర తాబేలు మన నేలదే కదా, అదే తెచ్చుకో అంటున్నాడు. ఏది తెచ్చుకోమంటారు?

జవాబు: ముందు మీ అన్నయ్యగారి మాట చూద్దాం. వాతావరణం ఒక్కటే చూస్తే ఆయన చెప్పింది నిజమే. రాయలసీమ ముళ్లపొదల్లో, పొడి గడ్డి నేలల్లో తిరిగే ప్రాణి అది, మే ఎండా తెలుసు, జూలై వానా తెలుసు, అసలు వానలు పడ్డాకే హుషారుగా బయటికొస్తుంది. కానీ దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు దీన్ని మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఇచ్చే జాబితాలో చేర్చారు, దొరికితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరైనా చెప్పినా దయచేసి వినకండి. ఆ నమ్మకం వల్లే పిల్ల తాబేళ్లని సంచుల్లో కుక్కి మోసుకొస్తున్నారు, దారిలో ఎన్ని చస్తాయో ఎవరూ లెక్కపెట్టరు.

ఇక సుల్కటా. ఇక్కడే చాలామంది పొరబడతారు. హైదరాబాద్ అనగానే అందరికీ ఏప్రిల్, మే నెలల 42 డిగ్రీలే గుర్తొస్తాయి, ఆ ఎండని సుల్కటా తట్టుకుంటుంది, అది అబద్ధం కాదు. మరి జూలై, ఆగస్టుల్లో నాలుగైదు రోజులు ఎండ మొహం చూపించకుండా ముసురు పడితే? గోడలు చెమ్మగిల్లి, ఆరేసిన బట్టలు ఆరక వాసనొస్తుంటే? సహారా అంచు పొడి నేలల్లో పుట్టినదానికి ఆ తడీ చలీ కలిసి రావడమే ప్రాణం మీదికి తెస్తుంది. మా బంధువుల ఇంట్లో ఒకదాన్ని చూశాను. ముసురు పట్టిన ఆరో రోజు, మెడ బాగా ముందుకి చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, ఒక ముక్కురంధ్రం దగ్గర చిన్న బుడగ వచ్చి పగులుతోంది, మళ్లీ వస్తోంది. తాబేలుకి మనలా దగ్గడం రాదు, ఊపిరితిత్తుల్లో చేరిన కఫాన్ని బయటికి నెట్టలేదు, అందుకే దానికి జలుబు అంటే మన జలుబు లాంటిది కాదు. వాళ్లు వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు కాబట్టి బతికింది. పైగా షాపతను చూపించిన ఆ పిల్ల పెరిగితే 40, 50 కిలోలవుతుంది, లోతుగా గుంటలు తవ్వుతుంది. మీ 30 గజాలూ, జామచెట్టు వేళ్లూ దానికి ఏ మూలకీ చాలవు.

నా మాట అడిగితే మీ పెరడుకి దక్షిణ అమెరికా అడవుల రెడ్ ఫుట్ తాబేలు. అడవి తాబేలు మన మే నెలలో ఎలా బతుకుతుందని మీకు అనుమానం రావచ్చు. నా లెక్క ఇది: ఎండాకాలంలో తేమ పుట్టించడం సులువు, వానాకాలంలో ఉన్న తేమని తీసెయ్యడం కష్టం. జామచెట్టు నీడలో మట్టి తవ్వి, ఎండుటాకులు పోసి, పొద్దున్నా సాయంత్రం నీళ్లు చల్లి, పక్కనే అది దిగి కూర్చునేంత లోతు లేని నీళ్ల పళ్లెం పెడితే మే నెల గడిచిపోతుంది, వడగాలి మరీ ఎక్కువైన మధ్యాహ్నాలు లోపల కూలర్ గదిలో పెట్టండి. వానాకాలం దానికి సొంతూరిలా ఉంటుంది. ఒక మూల మాత్రం నీళ్లు నిలవని ఎత్తైన పొడి చోటు ఉండాలి. జాగ్రత్త పడాల్సింది డిసెంబర్, జనవరి రాత్రుళ్లు. మన దగ్గర ఒక్కోసారి 12 డిగ్రీలకి పడిపోతుంది, దీనికేమో 20 దగ్గరే చలి మొదలవుతుంది, చలికాలం నిద్రపోయే జాతి కూడా కాదు. ఆ రెండు నెలలూ రాత్రి లోపల పెట్టెలో, వెలుగివ్వని సిరామిక్ హీటర్ కింద ఉంచాలి, హీటర్‌కి థర్మోస్టాట్ తప్పనిసరి. పగలు ఎండలోకి తేవాలి, అదీ నేరుగా పడే ఎండ. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో డిప్ప గట్టిపడటానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలు ఉండవు.

మందార ఆకులు, పూలు, మునగాకు, అప్పుడప్పుడు బొప్పాయి ముక్క పెట్టండి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియం ఒంటికి పట్టనివ్వవు. ముట్టుకున్నాక బాబు సబ్బుతో చేతులు కడగాలి.

కాగితాలు లేకుండా మాత్రం కొనకండి. విదేశీ తాబేలునైనా కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, 2024 నుంచి దానికి విడిగా నిబంధనలున్నాయి. అమ్మేవాడి పేరు మీద నమోదైందో లేదో చూసి, మీ పేరుకి మారాకే డబ్బులివ్వండి. ఇది 50 ఏళ్లు బతికే ప్రాణి, మీ బాబుకి అరవై వచ్చేదాకా ఇంట్లో ఉంటుంది. ఆ మాట ఇప్పుడే వాడిని కూర్చోబెట్టి చెప్పండి.

ప్రశ్న: రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు కొన్న ఆకుపచ్చ నీటి తాబేలు మూడేళ్లలో అరచేతిని మించిపోయింది, టబ్ చాలట్లేదు. హుస్సేన్‌సాగర్‌లో వదిలేస్తే హాయిగా బతుకుతుంది కదా? (ఒక విద్యార్థి, హిమాయత్‌నగర్)

జవాబు: బతుకుతుంది తమ్ముడూ, సమస్యే అది. చెంప మీద ఎర్ర చార ఉందంటే అది అమెరికా నుంచి వచ్చిన రెడ్ ఇయర్డ్ స్లైడర్. ఎండకీ, మురికి నీళ్లకీ, మన చలికీ దేనికీ చావదు, అందుకే ప్రపంచంలో స్థానిక జీవాలకి బాగా చేటు చేసే 100 జాతుల జాబితాలో ఉంది. మన చెరువుల్లో తాబేళ్ల తిండీ, అవి ఎండకి కూర్చునే రాళ్లూ ఆక్రమించేస్తుంది. మేడ మీద జాగా ఉంటే పెద్ద సిమెంట్ తొట్టి పెట్టి, సగం నీడ కట్టి, ఎక్కి కూర్చోడానికి ఒక బండరాయి వెయ్యి, వారానికోసారి నీళ్లు మార్చు. ఆడదైతే 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, తొట్టి ఆ లెక్కన తెచ్చుకో. నీకు కుదరకపోతే తొట్టి ఉన్నవాళ్లకే ఇవ్వు, చెరువుకి మాత్రం వద్దు.