పేరు చెప్పని ఫోన్‌తో కారు ఆపితే డీయూఐ (తాగి బండి నడిపిన) కేసు పోతుందా?
తమ్ముడూ, పోలీసు రెండు మైళ్లు నీ వెనకే వచ్చినా తప్పేమీ కనిపించలేదు, ఎవరో 911కి (అమెరికాలో ఎమర్జెన్సీ నంబర్) చెప్పారని ఆపాడు, కాబట్టి కేసు కొట్టేస్తారు అంటున్నావు. అంత ఈజీ కాదు.

2014లో నవరెట్ కేసులో అచ్చం ఇదే. కాలిఫోర్నియాలో ఒక పికప్ ట్రక్కు తనను రోడ్డు మీంచి పక్కకు తోసేసిందని ఒకావిడ నంబర్ ప్లేటుతో సహా 911కి చెప్పింది, పోలీసులు ఐదు నిమిషాలు వెంటపడినా డ్రైవింగ్‌లో తేడా కనపడలేదు, అయినా ఆపడం చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. స్వయంగా చూసి, వెంటనే చేసిన ఫోన్ అని నమ్మారు. (జస్టిస్ స్కాలియా గట్టిగా విభేదించాడు, నాకైతే ఆయన మాటే సబబనిపిస్తుంది.)

కానీ అంతకుముందు 2000లో, ఫ్లోరిడా బస్ స్టాపులో గళ్ల చొక్కా కుర్రాడి దగ్గర తుపాకీ ఉందని ఎవరో ఫోన్ చేస్తే, ఆ ఒక్క మాట మీద సోదా చెల్లదని ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. ఫోన్ చేసినవాళ్లు తమకెలా తెలుసో చెప్పలేదు మరి.

నీ విషయంలో ఆ ఫోన్‌లో "తాగి నడుపుతున్నాడు" అని ఊరికే అన్నారా, "లేన్ దాటి నా మీదకొచ్చాడు" అన్నారా అన్నదే అసలు పాయింట్. లాయర్‌తో 911 రికార్డింగ్, పోలీసు కారు వీడియో వెంటనే అడిగించు, కొన్నాళ్లకు చెరిపేస్తుంటారు. హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీదుంటే ఇమిగ్రేషన్ లాయర్ని అడక్కుండా దేనిమీదా సంతకం పెట్టకు.