పడని ఇరుగుపొరుగుల మీద నోటు రాసేటప్పుడు

నెల్లూరు

చిరంజీవి అబ్బాయికి పెదనాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాటో కూటమి ఆర్మేనియాతోనూ అజర్‌బైజాన్‌తోనూ ఒకేసారి ఎట్టా నెట్టుకొచ్చిందో వారంలోగా నోటు రాసివ్వమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదని రాశావు. అజర్‌బైజాన్ లోపల, ఆర్మేనియన్లు ఎక్కువగా ఉండిన కరబఖ్ ప్రాంతం కోసమే ఆ ఇద్దరి తగాదా. ఆ చరిత్రతో మాత్రం మొదలుపెట్టొద్దు నాయనా. అట్టా మొదలుపెట్టిన నోటు మూడో పేజీకి కూడా నాటో దాకా రాదు. చదవాల్సిన పెద్దాఫీసరు రెండో పేజీలోనే దాన్ని పక్కన పెట్టేస్తాడు. కూటమి వైపు నుంచి మొదలుపెట్టు. ఇద్దరితోనూ దానికి ఏ కాగితం ఉంది, ఆ కాగితం ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు. మొదటి పేజీకి ఇది చాలు.

సభ్యదేశం వేరు, భాగస్వామి వేరు. ఈ ఇద్దరూ నాటోకి భాగస్వాములే, సభ్యులు కారు. ఇక్కడ తడబడితే మిగతా నోటంతా తప్పే. 1949 ఏప్రిల్ 4 నాటి వాషింగ్టన్ ఒప్పందంలో అందరూ చెప్పుకునే 5వ అధికరణం సభ్యులకి మాత్రమే. అదయినా జనం అనుకున్నంత బిగువైన హామీ కాదు. ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అంటూనే, ఎవరికి ఏ చర్య అవసరమనిపిస్తే వాళ్ళు అది తీసుకుంటారని రాసుంటుంది. భాగస్వాముల చేతిలో ఉన్నది 1994 జనవరిలో బ్రస్సెల్స్ శిఖరాగ్ర సభలో మొదలైన ‘శాంతి కోసం భాగస్వామ్యం’. అజర్‌బైజాన్ అదే ఏడాది మే 4న అందులో చేరింది. కరబఖ్‌లో కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది మే 12న, అంటే యుద్ధం ఇంకా నడుస్తుండగానే సంతకం పెట్టిందన్నమాట. ఆర్మేనియా అక్టోబరు 5న చేరింది. ఆ మూలపత్రం 8వ పేరా నువ్వు కళ్ళారా చదవాలి. తన భూభాగానికో, స్వాతంత్ర్యానికో, భద్రతకో నేరుగా ముప్పు వచ్చిందని చురుకైన భాగస్వామి భావిస్తే నాటో దానితో సంప్రదింపులు జరుపుతుందని అందులో ఉంది. మాట్లాడతామన్నారే గానీ వచ్చి నిలబడతామనలేదు. 2020 సెప్టెంబరు 27న మొదలై 44 రోజులు సాగిన యుద్ధంలో కూటమి కాల్పులు ఆపమని పిలుపునివ్వడంతో ఎందుకు ఆగిందో చెప్పడానికి ఈ ఒక్క వాక్యం సరిపోతుంది. ‘నాటో మోసం చేసింది’ అని రాసేవాళ్ళు ఈ పేరా చదవనివాళ్ళే.

తర్వాత పని తీరు చూడు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాల్సిన చోట కూర్చోబెట్టారు, దానికి 1997 నుంచి యూరో అట్లాంటిక్ భాగస్వామ్య మండలి ఉంది. అసలు పని మాత్రం విడివిడిగా చేశారు. 2005 మేలో అజర్‌బైజాన్‌తో ఒక వ్యక్తిగత కార్యాచరణ ప్రణాళిక, అదే డిసెంబరులో ఆర్మేనియాతో ఇంకోటి. పంక్తిలో వంట ఒకటే, ఆకులు వేరు. ఎవరి ఆకులో ఎంత వడ్డించుకోవాలో వాళ్ళిష్టం. ఈ ఏర్పాటు వల్ల ఒకడి జోరు ఇంకొకడికి అడ్డం రాలేదు, ఒకడి అలక ఇంకొకడి పని ఆపలేదు. మండలిలో కుర్చీల సంగతి సరదాకి చెబుతున్నా, నోటులో రాయమని కాదు: ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్లు వేస్తే ఆర్మేనియా, ఆస్ట్రియా, అజర్‌బైజాన్ అని వస్తాయి. మధ్యలో ఒక కుర్చీ దానంతటదే పడుతుంది.

కూటమికి దీనివల్ల ఏం దక్కిందో కూడా రాయాలి, చాలామంది అది మర్చిపోతారు. సైనికులు. కొసావోలో అజర్‌బైజాన్ దళం 1999 నుంచి తుర్కియే పటాలం కింద పనిచేసింది. ఆర్మేనియా దళం 2004 నుంచి గ్రీసు పటాలం కింద పనిచేసింది. పడని ఇద్దరిని పడని మరో ఇద్దరి కింద పెట్టి, అందరినీ ఒకే శాంతి దళంలో నడిపారు. 2008లో కొసావో స్వాతంత్ర్యం ప్రకటించుకోగానే అజర్‌బైజాన్ తన దళాన్ని వెనక్కి పిలుచుకుంది. సెర్బియా నుంచి కొసావోకి విడిపోయే హక్కుంటే రేపు కరబఖ్ సంగతేంటన్నది దాని భయం. కారణం రాయకుండా వట్టి తేదీ వేస్తే చదివేవాడికి ఏమీ అందదు.

ఇప్పుడు తెగిపోయిన చోట్లకి రా. నీ నోటుకి విలువ తెచ్చేది ఇదే, కనీసం ఒక పేజీ దీనికి కేటాయించు.

మొదటిది, ఆతిథ్యం. 2003లో ‘కోఆపరేటివ్ బెస్ట్ ఎఫర్ట్’ విన్యాసాలు ఆర్మేనియాలో జరిగాయి, అజర్‌బైజాన్ రాలేదు. 2004 సెప్టెంబరులో అవే విన్యాసాలు అజర్‌బైజాన్‌లో జరగాలి. ఆర్మేనియా అధికారులని దేశంలోకి రానిచ్చేది లేదని బాకు (అజర్‌బైజాన్ రాజధాని) పట్టుబట్టింది. నాటో విన్యాసాలనే రద్దు చేసింది. ఈ రెంటిలో తేడా గమనించు. పిలిచినా రాకపోవడం అతిథి ఇష్టం, దానివల్ల కార్యక్రమం ఆగదు. పిలిచిన అతిథిని గుమ్మంలో ఆపితే మాత్రం భాగస్వామ్యం పునాదే కదులుతుంది. పెళ్ళికి రాని చుట్టం మీద అలుగుతాం, వచ్చిన చుట్టాన్ని వాకిట్లో నిలబెట్టినవాడి ఇంటికి మళ్ళీ ఎవరూ వెళ్ళరు. దీన్నుంచి నువ్వు తీయాల్సిన పని సూత్రం ఒకటుంది. పడని ఇద్దరు రావలసిన కార్యక్రమానికి వేదిక ఖాయం చేసేముందే, పిలిచిన ప్రతివాడికీ వీసా ఇస్తామని ఆతిథ్య దేశం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. వేదిక ప్రకటించాక అడిగితే బేరం వాళ్ళ చేతిలోకి పోతుంది. అట్టా రాసివ్వడానికి ఎవరూ ఒప్పుకోకపోతే మూడో దేశానికి మార్చాలి.

అయితే మూడో దేశం కూడా అన్నిటికీ మందు కాదు. 2004 ఫిబ్రవరిలో బుడాపెస్ట్‌లో, నాటో భాగస్వామ్య కార్యక్రమం కింద నడిచిన ఇంగ్లీషు శిక్షణలో, అజర్‌బైజాన్ అధికారి ఒకడు నిద్రపోతున్న ఆర్మేనియా అధికారిని గొడ్డలితో చంపాడు. 2006లో హంగరీ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2012 ఆగస్టు 31న అతన్ని అజర్‌బైజాన్‌కి అప్పగిస్తే, అక్కడ దిగీ దిగగానే క్షమాభిక్ష ఇచ్చి పదోన్నతి కూడా ఇచ్చారు. ఆర్మేనియా హంగరీతో సంబంధాలు తెంచుకుంది, 2022 డిసెంబరులో గానీ మళ్ళీ కలుపుకోలేదు. దీన్ని భావోద్వేగంతో రాయకు. పరిపాలన పాఠంగా రాయి: ఒకే తరగతికి పంపినా బస వేరువేరు చోట్ల పెట్టాలి, ఖైదీని అప్పగించేటప్పుడు మాటమీద ఆధారపడకూడదు. పైగా ఒక సభ్యదేశం చేసిన పొరపాటుకి కూటమి మొత్తం సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందన్నది కూడా ఇందులో ఉంది. ఆ సెప్టెంబరులో అప్పటి నాటో ప్రధాన కార్యదర్శి రాస్ముస్సెన్ ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్ళి ఆందోళన వెలిబుచ్చాల్సి వచ్చింది.

రెండోది, మాట. ఈ తగాదాలో రెండే రెండు మాటల మీద అంతా నడిచింది. అజర్‌బైజాన్‌కి కావాల్సింది ప్రాదేశిక సమగ్రత, అంటే ఉన్న హద్దులు చెదరకపోవడం. ఆర్మేనియాకి కావాల్సింది స్వయం నిర్ణయాధికారం, అంటే కరబఖ్ జనమే తమ దారి తేల్చుకోవడం. శిఖరాగ్ర సభల ప్రకటనల్లో నాటో ఆర్మేనియా, అజర్‌బైజాన్, జార్జియా, మోల్దోవా నాలుగింటినీ ఒకే వాక్యంలో చేర్చి వాటి ప్రాదేశిక సమగ్రతకి, స్వాతంత్ర్యానికి, సార్వభౌమత్వానికి మద్దతు పలికింది. వినడానికి అందరికీ సమానంగానే ఉంది. కానీ రెండో మాట లేకపోవడం ఒకవైపు మొగ్గినట్టేనని ఆర్మేనియా అధ్యక్షుడు 2010 లిస్బన్ సభకి వెళ్ళడం మానుకున్నాడు. కాబట్టి ప్రకటన చదివేటప్పుడు ఉన్న మాటతో ఆగకు. పోయినసారి ఉండి ఈసారి పోయిన మాటేది, పక్క దేశం పేరు దగ్గర ఉండి ఈ దేశం దగ్గర లేనిదేది? వరసగా మూడు నాలుగు ప్రకటనలు పక్కపక్కన పరిచి, రంగు పెన్సిలుతో గీసుకుంటే గంటలో తేలిపోతుంది. తెలుగులో వచ్చిన వార్తలు పట్టుకుని ఈ పని చేయొద్దు, మూలపాఠమే కావాలి.

కూటమి అంటే ఒక మనిషి కాదు. దీనికి నీ దగ్గర పెట్టుకోవాల్సిన సాక్ష్యం 2008 మార్చి 14న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో జరిగిన 62/243 తీర్మానం ఓటింగు. కరబఖ్ తన భూభాగమేనంటూ అజర్‌బైజాన్ పెట్టిన ఆ తీర్మానానికి అనుకూలంగా 39, వ్యతిరేకంగా 7, తటస్థంగా 100 పడ్డాయి. తుర్కియే అనుకూలం. అమెరికా, ఫ్రాన్స్ వ్యతిరేకం. మిగతా నాటో సభ్యదేశాల్లో చాలావరకు చేతులు ముడుచుకున్నాయి. వ్యతిరేకించిన ఏడింటిలో మన దేశమూ ఉంది, నీ నోటు చదివేవాళ్ళకి ఆ సంగతి గుర్తుచేయడం అవసరం.

ఇంత చీలిక ఉన్న కూటమి ఒక్క మాట మీద ఎట్టా నిలబడుతుందని నీకు సందేహం రావాలి. అక్కడ ఓట్లుండవు, ఏకాభిప్రాయమే. ముసాయిదా అందరికీ పంపి ఫలానా రోజు ఫలానా గంట వరకు గడువు పెడతారు. ఆలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదం పొందినట్టే. మన దగ్గర మౌనం అర్ధాంగీకారం, అక్కడ పూర్తి అంగీకారం. అందుకే తుర్కియేకి ఇష్టం లేని పదం ప్రకటనలో చేరదు, గ్రీసుకి గిట్టని పదమూ చేరదు. 1993లో ఆర్మేనియా సరిహద్దు మూసేసిన తుర్కియే లోపల కూర్చుని ఉండగా నాటో మధ్యవర్తిత్వం చేస్తానంటే యెరెవాన్ నమ్మదు. అది తెలిసే ఆ పనిని, ఐరోపా భద్రతా సహకార సంస్థ కింద 1992లో ఏర్పడిన మిన్‌స్క్ బృందానికి నాటో వదిలేసింది. రష్యా, అమెరికా, ఫ్రాన్స్ దానికి సహాధ్యక్షులుగా ఉండేవి. ‘నాటో శాంతి చర్చలు’ అని ఎక్కడైనా రాసి ఉంటే ఆ వాక్యం కొట్టేయ్.

పోలిక కోసం గ్రీసు–తుర్కియే గురించి ఒక్క పేరా పెట్టు. రెండూ 1952 ఫిబ్రవరి 18న, ఒకే రోజు సభ్యులయ్యాయి. 1974లో సైప్రస్ గొడవతో గ్రీసు సైనిక కమాండు నుంచి బయటికొచ్చి 1980లో గానీ తిరిగి చేరలేదు. లోపలున్నంత మాత్రాన పోట్లాట ఆగదని తెలుస్తోంది కదా. అయితే లోపలుంటే దొరికే చిన్న ఉపకారం ఒకటుంది. 2020లో తూర్పు మధ్యధరాలో ఓడలు ఎదురెదురు నిలిచినప్పుడు, నాటో కేంద్రంలో సైనికాధికారుల స్థాయిలో కూర్చోబెట్టి, అక్టోబరు 1న ఘర్షణ నివారణ ఏర్పాటు, ఒక హాట్‌లైన్ కుదిర్చారు. ఆ నెలాఖరున రెండు దేశాలూ ఒకరి జాతీయ దినం నాడు ఇంకొకరు పెట్టుకున్న విన్యాసాలు మానుకున్నాయి. హద్దు ఎవరిదో తేల్చలేదు, తేల్చే ప్రయత్నమూ చేయలేదు. కాలవ నీళ్ళ వాటా తేలకపోయినా తూము దగ్గర రాత్రిపూట కర్రలతో ఎవరూ నిలబడకుండా చేశారు, అంతే. కూటమి చేయగలిగింది అంతవరకే అని నా అభిప్రాయం, అదేమీ తక్కువ పని కాదు.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఆర్త్‌సాఖ్ అంటే ఆర్మేనియా పక్షం. స్టెపనకెర్ట్, ఖన్‌కెండీ ఒకే ఊరు. షుషీ, షుషా ఒకే ఊరు. మొదటిసారి రెండు పేర్లూ ఇచ్చి, తర్వాత ఒకటే వాడి, ఎందుకో అడుగున ఒక వాక్యం రాయి. ‘విముక్తి’, ‘ఆక్రమణ’ రెండూ నీ నోట రాకూడదు. వాళ్ళు అన్నారని రాయాలంటే ఎవరన్నారో చెప్పి రాయి. ఇంకో చిక్కు: పాకిస్తాన్‌ని అమెరికా 2004లో ‘నాటోయేతర ప్రధాన మిత్రదేశం’ అంది. అది అమెరికా చట్టం కింద ఇచ్చే హోదా, నాటోకి దాంతో పనిలేదు. ఆ పేరు చూసి కంగారుపడి మన పత్రికలు ఎన్నోసార్లు తప్పు రాశాయి.

మన వైపు మొగ్గు కూడా నీ కలంలోకి దూరుతుంది, చూసుకో. మనం ఆర్మేనియాకి పినాక రాకెట్లు అమ్మాం, అజర్‌బైజాన్ పాకిస్తాన్‌తో కలిసి నడుస్తోంది. కానీ ఇరాన్ మీదుగా రష్యా చేరడానికి మనకు కావాల్సిన ఉత్తర–దక్షిణ రవాణా మార్గంలో ఒక శాఖ అజర్‌బైజాన్ మీదుగా పోతుంది. ఈ మూడూ ఒకే వాక్యంలో రాయగలిగితే నీ నోటు సరిగ్గా ఉన్నట్టు.

చివరి పేజీలో ఇటీవలి సంగతులు క్లుప్తంగా చాలు. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ కరబఖ్‌ని పూర్తిగా స్వాధీనం చేసుకుంది, లక్షకి పైగా ఆర్మేనియన్లు వెళ్ళిపోయారు. 2024 ఫిబ్రవరిలో ఆర్మేనియా రష్యా నాయకత్వంలోని భద్రతా కూటమిలో తన పాత్రని స్తంభింపజేసింది. ఆ కూటమిలో అది భాగస్వామి కాదు, పూర్తి సభ్యురాలు. సభ్యత్వం ఉన్న కూటమి అక్కరకు రాకపోయాక భాగస్వామ్యం ఉన్న కూటమి నుంచి ఆర్మేనియా ఏం ఆశిస్తోందన్నదే ఇక ముందు నువ్వు గమనించాల్సిన ప్రశ్న. 2024 మార్చిలో అప్పటి నాటో ప్రధాన కార్యదర్శి స్టోల్టెన్‌బెర్గ్ ఒకే పర్యటనలో బాకు, జార్జియా రాజధాని తిబిలిసి, యెరెవాన్ మూడూ తిరిగాడు. 2025 ఆగస్టు 8న వాషింగ్టన్‌లో రెండు దేశాలూ శాంతి ఒప్పందం ముసాయిదా మీద పొడి సంతకాలు చేశాయి. పొడి సంతకమంటే పాఠం ఖాయమైందని మాత్రమే, ఒప్పందం అమల్లోకి వచ్చిందని కాదు. ఆ రోజే మిన్‌స్క్ బృందాన్ని మూసేయమని కలిసి అడిగారు.

నాలుగు పేజీలు దాటనివ్వకు. తేదీల పట్టిక వేరే కాగితం మీద పెట్టు. పంపే ముందు ఒకసారి ఆర్మేనియా రాయబారి చదువుతున్నాడనుకుని చదువు, మరోసారి అజర్‌బైజాన్ రాయబారి చదువుతున్నాడనుకుని చదువు. ఇద్దరూ ఒకే వాక్యం దగ్గర మొహం చిట్లిస్తే ఆ వాక్యం ఉంచు. ఒక్కడే చిట్లిస్తే దానికి ఆధారం ఏదో మళ్ళీ వెతుకు. ముసాయిదా నాకు శుక్రవారంలోగా పంపితే శనివారం పొద్దున్నే చూసి పంపిస్తా.

ఇట్లు,
పెదనాయన