ప్లంబర్ 289 డాలర్లు అడిగాడు, ఇవ్వొచ్చా?

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఈ మధ్యే ఇల్లు కొన్న తమ్ముడొకడు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, టాయ్‌లెట్ ట్యాంకులో నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. ప్లంబర్ వచ్చి పది నిమిషాలు చూసి 289 డాలర్లు అన్నాడు. అంటే పాతిక వేలు! మా ఊళ్లో అయితే మూడొందలతో పోయేది. మోసం కాదా ఇది?"

మోసం కాదు. అలాగని ఆ పనికి ప్లంబర్‌ని పిలవాల్సిన అవసరమూ లేదు. ఈ రెండూ వేరు వేరు విషయాలు, కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే తికమకపడతారు.

ముందు ధర సంగతి. మా వీధిలో ఒకాయన సొంతంగా ప్లంబింగ్ కంపెనీ నడుపుతాడు. ఓసారి నేను ఇదే ప్రశ్న అడిగితే కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాడు. పనివాడికి గంటకు 35 డాలర్లు అనుకోండి, ఎనిమిది గంటలకు 280. దాని మీద యజమాని కట్టాల్సిన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను 7.65 శాతం, అంటే ఇంకో 21. వ్యాను, పెట్రోలు, ఇన్సూరెన్సు, ఫోన్లు ఎత్తే మనిషి, సామాను గోదాము, మళ్లీ లీకైతే ఉచితంగా వెళ్లి చేసే పని, ఇవన్నీ కలిపి రోజుకు మరో 330 వేసుకోండి. మొత్తం 630 పైచిలుకు అయిందా? కానీ ఆ ఎనిమిది గంటల్లో కస్టమర్ ఇంట్లో చేతిలో రెంచి పట్టుకుని ఉండేది ఐదు గంటలే, మిగతాదంతా ట్రాఫిక్‌లోనో, సామాను కొనే హోమ్ డిపో షాపులోనో పోతుంది. 630ని ఐదుతో భాగిస్తే గంటకు 126, కాస్త లాభం కలిపితే 150. ఇది పెద్ద కంపెనీ లెక్క కూడా కాదు, నలుగురు మనుషులున్న చిన్న సంస్థ లెక్క. అందుకే ఐదు డాలర్ల వాషర్‌కి ఇంత బిల్లా అని వాషర్ ధరతో పోల్చకండి, మనం కడుతున్నది మన గుమ్మం దాకా వచ్చిన మనిషికీ, వ్యానుకీ, గ్యారంటీకీ.

లైసెన్సు ఖరీదు కూడా అందులోనే ఉంది. టెక్సస్‌లో జర్నీమన్ ప్లంబర్ (శిక్షణ పూర్తయిన పనివాడు) పరీక్ష రాయాలంటే 8,000 గంటల అనుభవం కావాలి, అంటే దాదాపు నాలుగేళ్లు. వ్యాను మీద, బిల్లు మీద మాస్టర్ ప్లంబర్ (జర్నీమన్ కంటే పై స్థాయి) లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు టెక్సస్ స్టేట్ బోర్డ్ ఆఫ్ ప్లంబింగ్ ఎగ్జామినర్స్ వెబ్‌సైట్‌లో కొడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. నేను ప్రతిసారీ చూస్తాను, మీరూ చూడండి.

ఇక ఆ టాయ్‌లెట్. ట్యాంకులో నాలుగు చుక్కల ఫుడ్ కలర్ వేసి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కింద కమోడ్ నీళ్లలో రంగు కనిపిస్తే పోయింది ఫ్లాపర్, ట్యాంకు అడుగున మూతలా ఉండే రబ్బరు ముక్క. గోడ దగ్గరున్న చిన్న వాల్వు కుడివైపు తిప్పి నీళ్లు ఆపి, ఫ్లష్ చేసి, పాతదాని రెండు చెవులూ ఊడదీసి కొత్తది తగిలించడమే. కొనేముందు రెండు అంగుళాలదా, మూడు అంగుళాలదా కొలుచుకోండి. గొలుసు బిగుతుగా ఉంటే మళ్లీ కారుతుంది, కాస్త వదులు ఉంచాలి. ఖర్చు పదిహేను డాలర్లు దాటదు. టెక్సస్‌లో మనం ఉండే సొంత ఇంట్లో ఈ పని మనమే చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటే మాత్రం మీరు చేయి పెట్టకండి, లీజింగ్ ఆఫీసుకి రిపేర్ రిక్వెస్ట్ పెట్టండి.

ప్లంబర్‌ని పిలవక తప్పనప్పుడు మొహమాటపడకుండా ఫోన్‌లోనే అడగండి, వచ్చి చూసినందుకు ఎంత, పని చేయించుకుంటే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారా, గంట లెక్కా లేక పని మొత్తానికి ఒకే ధరా, రాత్రికీ వీకెండ్‌కీ ఎంత ఎక్కువ, గ్యారంటీ ఎన్నాళ్లు. పని మొదలుపెట్టకముందే ధర రాసిమ్మనండి. పనయ్యాక బేరమాడటం ఇక్కడ మర్యాద కాదు, వాళ్లు ఒప్పుకోరు కూడా. మన ఊళ్లోలా సామాను మనమే తెచ్చిస్తామంటే చాలామంది ఆ సామానుకి గ్యారంటీ ఇవ్వరు.

నేను జాగ్రత్తపడమనేది పెద్ద పనుల దగ్గర. డ్రెయిన్ బ్లాక్ అయిందని పిలిస్తే లైను మొత్తం మార్చాలి, తొమ్మిది వేలు, ఈరోజే ఒప్పుకుంటే డిస్కౌంట్ అన్నారనుకోండి, ఆ పూట సంతకం పెట్టకండి. కొన్ని కంపెనీల్లో వచ్చిన మనిషికి అమ్మకం మీద కమిషన్ ఉంటుంది. పైపులోకి కెమెరా పంపి తీసిన వీడియో కాపీ తీసుకుని ఇంకో ఇద్దరికి చూపించండి. నిజంగా పైపు విరిగితే ముగ్గురూ అదే చోటు చూపిస్తారు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు నేను చేశాను. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని, తొమ్మిది వందలు మిగులుతాయని, లైసెన్సు లేని ఒకాయనతో అటక మీది గ్యాస్ వాటర్ హీటర్ మార్పించాను, సిటీ ఇచ్చే అనుమతి (పర్మిట్) లేకుండా. ఆర్నెల్ల తర్వాత ఏసీ చూడటానికి అటకెక్కిన టెక్నీషియన్ నన్ను పైకి పిలిచి టార్చి వేసి చూపించాడు, హీటర్ నెత్తిన పొగగొట్టం అతుకు ఊడి వేలు పట్టేంత సందు ఉంది. ఆ కిందే మా పిల్లలు పడుకునే గది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్యాస్ తగిలే ఏ పనిలోనైనా చవక వెతక్కండి, పర్మిట్ తీసుకుని, సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్లేలా చేయించండి.

చివరిగా ఒక పని, ఈ వారాంతంలోనే చేయండి. ఇంటి ముందు గడ్డిలో వాటర్ మీటర్ పెట్టె ఉంటుంది, మూత తీసి మెయిన్ వాల్వు ఎటు తిప్పితే ఆగుతుందో చూసుకోండి, ఇంట్లో ఆడవాళ్లకీ, పెద్ద పిల్లలకీ చూపించండి. దానికి పట్టే మీటర్ కీ కొని గరాజ్‌లో తగిలించండి. 2021 ఫిబ్రవరి గడ్డకట్టే చలిలో టెక్సస్ అంతా పైపులు పగిలినప్పుడు ప్లంబర్ ఎంత డబ్బిస్తామన్నా దొరకలేదు, ఆ వాల్వు తెలిసినవాళ్ల ఇళ్లలో తడిసింది ఒక గది, తెలియనివాళ్లకు సీలింగ్ ఊడి కిందపడింది.