కొత్త కారుకు రాళ్ల దెబ్బలు

ప్రశ్న: అన్నా, కొత్త కారు తీసుకున్నా, రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి పోయొస్తుంటా. కంకర టిప్పర్ల వెనక రాళ్లు ఎగిరొచ్చి బానెట్ మీద అక్కడక్కడా పెయింట్ లేచిపోయింది, ఒకచోట రేకు కూడా కనిపిస్తోంది. బానెట్ మొత్తం పెయింట్ వేయించమంటున్నారు, వేయించేదా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వద్దు తమ్ముడూ, చిన్న చుక్కలకోసం కంపెనీ పెయింట్ పోగొట్టుకోవద్దు. ఫ్యాక్టరీలో దాన్ని 140 డిగ్రీల దగ్గర ఓవెన్లో కాల్చి గట్టిపరుస్తారు, బయట షెడ్లో అంత వేడి ఇవ్వలేరు, పైగా రేపు అమ్మేటప్పుడు మళ్లీ పెయింట్ వేసిన బానెట్ అని రేటు తగ్గించేస్తారు. అయితే రేకు కనిపించే చోటు మాత్రం వానలు పడేలోపే మూసేయాలి, లేదంటే తుప్పు పెయింట్ కిందకి పాకుతుంది. బంపర్ ప్లాస్టిక్కే కాబట్టి దానికి ఆ భయం లేదు.

కారు మీదుండే కంపెనీ ప్లేటులో (నంబర్ ప్లేటు కాదు) కలర్ కోడ్ చూసుకుని అదే కోడ్ టచప్ పెయింట్ కొను, తెల్ల కారైనా, తెలుపే కదా అని ఏదో ఒకటి తెస్తే అస్సలు కలవదు. కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, రేకు మీద ముందు ప్రైమర్, తర్వాత రంగు, చివర్లో క్లియర్ కోట్ (రంగు లేని పై పూత), అన్నీ అగ్గిపుల్ల మొనతో పల్చగా, ఒకటి ఆరాకే ఇంకొకటి. మన ఎండలో మాత్రం చేయొద్దు, నీడలోనే చెయ్.

మెరుపు కోసం పెయింట్ మీద వేసే సెరామిక్ కోటింగ్ రాళ్లను ఆపదు, డబ్బులుంటే బానెట్, బంపర్ వరకు పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్మ్) వేయించు. దీనికోసం ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే మొదటి ఏడాది 20 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయకపోతే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, చూసుకో. టిప్పర్ కనపడితే బాగా వెనకుండు తమ్ముడూ, అద్దం కూడా పగలొచ్చు.