వీధిలో ఏడు ఇళ్లకు సోలార్ వచ్చింది, మేమూ పెట్టించాలా?

ప్రశ్న: మాది కాకినాడ. నేను రిటైరైన టీచర్ని. ఇంట్లో నేనూ మావారూ ఇద్దరమే. మా వీధిలో పన్నెండు ఇళ్లుంటే ఏడాదిన్నరలో ఏడు డాబాల మీదకు సోలార్ ప్యానెళ్లు వచ్చాయి. అన్నీ ఒకే సంస్థ పెట్టినవే. 'ఇంకా మీరెందుకు ఆగారు?' అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. 3 కిలోవాట్లకు 2 లక్షలవుతుందని, 78 వేలు సబ్సిడీ వస్తుందని, ఆలస్యం చేస్తే అది పోతుందని ఆ సంస్థ అబ్బాయి అంటున్నాడు. మాకు ఏసీ లేదు. నెలకు 140 యూనిట్లు, బిల్లు 600 దాటదు. ఆసుపత్రి ఖర్చులకని దాచిన 4 లక్షల ఎఫ్‌డీలోంచి సగం తీసి పెట్టించమంటారా?

జవాబు: టీచర్ గారూ, ఇప్పుడున్న వాడకానికి వద్దు. ఆ ఎఫ్‌డీని కదపకండి.

నలుగురూ చేసిన పని మనమూ చేయాలనిపించడాన్ని నేను గొర్రెదాటు అని తీసిపారేయను. కొత్త వస్తువు గురించి మనకు తెలియనప్పుడు పక్కవాళ్లను చూడటం సహజం. కాలిఫోర్నియాలో సోలార్ ఎలా వ్యాపించిందో పరిశీలించి బోలింజర్, గిల్లింగ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ఇదే చూపించారు. ఒక ప్రాంతంలో ప్యానెళ్లు పెరిగేకొద్దీ అక్కడి మిగతా ఇళ్లవాళ్లూ పెట్టించుకునే అవకాశం పెరిగింది.

చిక్కు ఎక్కడంటే, ఏడు డాబాలు చూసి ఏడుగురు విడివిడిగా లెక్క వేసుకున్నారని మనం అనుకుంటాం. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ 1992లో ఈ సంగతిని రెండు హోటళ్ల ఉదాహరణతో వివరించారు. మొదట వచ్చినవాళ్లు ఒక హోటల్లోకి వెళ్తే, వెనక వచ్చినవాళ్లు తమకు తెలిసింది పక్కనపెట్టి అందులోకే వెళ్తారు. జనం నిండుతారు కానీ, ఆ హోటల్ గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. మీ వీధిలో మొదటి ఇంటాయన తన బిల్లు చూసుకునే పెట్టించి ఉంటారు. అయిదో ఇంటివాళ్లు చూసింది నాలుగు డాబాలనే కావచ్చు. పైగా అమ్మిన సంస్థ ఒక్కటే, కాబట్టి అందరూ విన్న మాటలూ అవే.

ఇప్పుడు మీ బిల్లు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటు ధర మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, తర్వాత 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ ముందుగా తగ్గించేది ఖరీదైన పై శ్లాబుల యూనిట్లనే. రెండు ఏసీలతో నెలకు 450 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకోండి. వాళ్లకు కరెంటు ధరే 3,036 రూపాయలు. కిలోవాట్‌కు నెలకు సుమారు 120 యూనిట్లు వస్తాయి కాబట్టి 3 కిలోవాట్లు పెడితే కొనాల్సినవి 90 యూనిట్లే, అంటే 260 రూపాయలు. ఏడాదికి 33 వేలు మిగులుతాయి. సబ్సిడీ పోగా పెట్టిన 1.22 లక్షలు నాలుగేళ్లలోపే తిరిగొస్తాయి. వాళ్లు చేసింది మంచి పని.

మీ 140 యూనిట్లకు ధర 507 రూపాయలే. మిగతా ఛార్జీల్లో కొన్ని సోలార్ ఉన్నా తప్పవు. నెలకు 550 ఆదా అనుకుంటే ఏడాదికి 6,600. 3 కిలోవాట్లకు వచ్చే 360లో మీరు వాడగా మిగిలే 220 యూనిట్లు నెలనెలా గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైన్లలోకి వెళ్తాయి. ఈ మిగులుకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే ధర యూనిట్‌కు 2 రూపాయలు అనుకుందాం. అసలు ధర ఎంతో మీ డిస్కం కార్యాలయంలో అడగండి. ఆ 2 రూపాయల లెక్కన మిగులు మీద ఏడాదికి ఇంకో 5,300. మొత్తం 12 వేల లోపే. పెట్టుబడి తిరిగి రావడానికి పదేళ్లు దాటుతుంది, ఈలోగా ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ను మార్చాల్సి రావచ్చు. అదే 1.22 లక్షలు 6.5 శాతం ఎఫ్‌డీలో ఉంటే ఏడాదికి 7,900 వడ్డీ వస్తుంది, అసలు ఎక్కడికీ పోదు. రాత్రికి రాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే డాబా మీది ప్యానెల్‌ను డబ్బు చేసుకోలేం. ఈ వయసులో మీ ఇద్దరికీ ఆ డబ్బు చేతికందేలా ఉండటం నాకు అన్నిటికన్నా ముఖ్యం.

ఇంకొకటి. రుణం తీసుకోకపోతే ముందు 2 లక్షలూ మీరే కట్టాలి. ప్యానెళ్లు బిగించి, తనిఖీ అయ్యాకే సబ్సిడీ మీ ఖాతాలో పడుతుంది. 'ఆలస్యం చేస్తే పోతుంది' అన్న మాటకు టెన్షన్ పడకండి. ఈ సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకాన్ని 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినప్పుడే 2026-27 వరకు గడువు పెట్టింది. ఒకవేళ గడువు దగ్గరపడినా, మీ లెక్క కుదరనప్పుడు సబ్సిడీ కోసం కొనకూడదు.

మీ వాడకం పెరిగితే నా సలహా మారుతుంది. పిల్లలు వచ్చి ఉంటారనో, ఏసీ కొంటున్నారనో అయితే నెలకు 300 యూనిట్లు అవ్వొచ్చు. అప్పుడు 2 కిలోవాట్లు చాలు, సబ్సిడీ 60 వేలు. ధర 1.40 లక్షలనుకుంటే మీ చేతినుంచి 80 వేలు. ఏడాదికి 18 వేలు ఆదా. నాలుగున్నరేళ్లలో తిరిగొచ్చేస్తుంది. అప్పుడు కూడా ఎఫ్‌డీ జోలికి పోకుండా, ఈ పథకం కింద బ్యాంకులు తాకట్టు లేకుండా ఇచ్చే రుణం గురించి అడగండి.

మీ పక్కవాళ్లు మీకు నిజంగా ఉపయోగపడే సంగతి ఒకటుంది. మా ఇంటికి సోలార్ పెట్టించే ముందు నేను ఎదురింటివాళ్ల ఏడాది బిల్లులు అడిగి చూశాను. వర్షాకాలంలో ఎంత తగ్గుతుందో, సబ్సిడీ ఎన్నాళ్లకు పడిందో, ఇన్వర్టర్ పాడైతే మనిషి ఎన్ని రోజులకు వచ్చాడో ఆ ఇంటివాళ్లే చెప్పగలిగారు. మీరూ రెండు ఇళ్లలో అడగండి. తుపాన్ల ఊరు కాబట్టి ఫ్రేమ్ ఎంత గట్టిగా బిగించారో డాబా ఎక్కి చూడండి.

మీ పాత బిల్లులు తీసి ఏప్రిల్, మే, జూన్‌తో సహా 12 నెలల యూనిట్లు రాసి పంపండి. అందులో 225 దాటిన నెలలు నాలుగైదు కనిపిస్తే 2 కిలోవాట్ల లెక్క మళ్లీ వేసి చెప్తాను.