పరవాడలో క్యూసీ ఇంటర్వ్యూ: వారం రోజుల్లో ఏం చదవాలి?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయింది, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, అంటే మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్) ట్రైనీ ఇంటర్వ్యూకి పిలిచారు, వారమే టైముంది, ఇంగ్లిష్ అంతంతమాత్రం, ఏం చదవాలి అని అడిగారు. ముందు ఆ ఇంగ్లిష్ భయం పక్కన పెట్టండి. విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో వేలకు వేలు కట్టి ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ బట్టీ పట్టే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. ఊరు, చదువు, ప్రాజెక్టు నాలుగు వాక్యాల్లో చెబితే చాలు. ఆ తర్వాత కాస్త తెలుగు కలిసినా ఫరవాలేదు. అక్కడ కావాల్సింది ల్యాబ్‌లో పనికొచ్చే మనిషి.

మీ వారంలో సగం హెచ్‌పీఎల్‌సీకి, అంటే మందులోని పదార్థాలని విడదీసి కొలిచే యంత్రానికి ఇవ్వండి. తెల్లకాగితం చేతికిచ్చి బొమ్మ గీయమంటారు. మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రవం) బాటిల్, డీగ్యాసర్, పంపు, ఇంజెక్టర్, కాలమ్, డిటెక్టర్: ఈ వరస తప్పకూడదు. కాలమ్ అంటే సి18 (లోపల నింపిన పదార్థం రకం) అని ఊరుకోకండి, 250 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. లోపలి వ్యాసం, 5 మైక్రాన్ల పార్టికల్ సైజు అని పూర్తిగా చెప్పండి. సిస్టమ్ సూటబిలిటీకి, అంటే పరీక్షకి ముందు యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి, సాధారణంగా ఉండే పరిమితులు కూడా నోటికి రావాలి: 5 స్టాండర్డ్ (స్వచ్ఛత తెలిసిన నమూనా) ఇంజెక్షన్ల ఆర్‌ఎస్‌డీ (ఫలితాల మధ్య తేడా) 2.0 శాతం మించకూడదు, టెయిలింగ్ (పీక్ తోక సాగడం) 2.0 మించకూడదు, ప్లేట్లు (కాలమ్ విడదీసే సామర్థ్యం) 2000కి తగ్గకూడదు.

అసలు పరీక్ష ఆ తర్వాత. ‘సీక్వెన్స్ (వరసగా పెట్టిన ఇంజెక్షన్లు) నడుస్తుండగా ప్రెషర్ ఒక్కసారిగా పెరిగింది, ఏం చేస్తావ్?’ అంటారు. కాలమ్ మార్చేస్తానన్నారో, అక్కడితో సరి. ఫ్లో ఆపి, సూపర్‌వైజర్‌కి చెప్పి, లాగ్‌బుక్‌లో రాస్తానని మొదలుపెట్టండి. తర్వాత కాలమ్ విప్పి, మళ్లీ ఫ్లో ఇచ్చి చూడాలి. ప్రెషర్ పడిపోతే అడ్డు కాలమ్‌లోనో దాని తర్వాతో ఉంది. పడకపోతే ఇంజెక్టర్, ట్యూబింగ్, పంపు వైపు ఒక్కో జాయింటూ విప్పుకుంటూ వెనక్కి వెళ్లాలి. కారణం కూడా అడుగుతారు. ఎక్కువసార్లు దొరికే దొంగ ఫాస్ఫేట్ బఫరే. బఫర్ నడిపిన కాలమ్‌లోకి నేరుగా అసిటోనైట్రైల్ పంపితే ఉప్పు లోపలే గడ్డకడుతుంది. అందుకే ముందు నీళ్లు ఎక్కువగా ఉన్న మిశ్రమంతో, అంటే 90 పాళ్ల నీళ్లు, 10 పాళ్ల మిథనాల్‌తో కడిగి, ఆ తర్వాతే మిథనాల్ శాతం పెంచాలి. ప్రెషర్ పెరగకుండా ఎగుడుదిగుడుగా ఊగుతుంటే పంపులో గాలి బుడగనీ, చెక్ వాల్వ్‌నీ అనుమానించాలి.

లెక్కలు చేత్తో చేయాలి, ఫోన్ బయట పెట్టిస్తారు. 50 మి.గ్రా. స్టాండర్డ్‌ని 100 మి.లీ.కి, అందులోంచి 5 మి.లీ. తీసి 50 మి.లీ.కి చేస్తే మి.లీ.కి 50 మైక్రోగ్రాములు. ఇలాంటివి రోజుకో పది చేయండి. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ లీటరుకి 4 గ్రాములని అందరూ చెబుతారు. తూచి కలిపాక మళ్లీ స్టాండర్డైజేషన్ (అసలు గాఢత తేల్చడం) ఎందుకు అంటేనే నోరు మూతపడుతుంది. ఆ గుళికలు గాలిలోని తేమనీ, కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుంటాయి, తూచిన బరువుని నమ్మలేం. అందుకే ఎండబెట్టిన పొటాషియం హైడ్రోజన్ థాలేట్ 0.45 గ్రాములు తూచి, ఫినాఫ్తలీన్ వేసి టైట్రేట్ చేస్తారు. 22 మి.లీ. దగ్గర ఎండ్ పాయింట్ (రంగు మారే చోటు) రావాలి.

డాక్యుమెంటేషన్ మీద ఒక ప్రశ్న ఖాయం. తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం పెట్టాలి. వైట్‌నర్ మాటే ఎత్తకండి. రిజల్ట్ స్పెసిఫికేషన్ (ఆమోదించిన పరిమితి) దాటితే మళ్లీ ఇంజెక్ట్ చేస్తానని పొరపాటున కూడా అనకండి. సొల్యూషన్లు పారబోయకుండా ఉంచి, వెంటనే చెప్పి, ల్యాబ్ ఇన్వెస్టిగేషన్ మొదలవ్వాలి. దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌తో వెళ్లేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. అలాంటి కాగితాలకీ, ‘ఉద్యోగం గ్యారంటీ’ అనే కన్సల్టెన్సీలకీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

సేఫ్టీని చివరికి వదిలేస్తారు, అది అన్యాయం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోని ఫార్మా కంపెనీలో సాల్వెంట్ ఆవిరి అంటుకుని పేలి 17 మంది చనిపోయారు. మీ చేతిలోని సాల్వెంట్ ఎంత త్వరగా అంటుకుంటుందో, ఒలికితే ఏం చేయాలో సేఫ్టీ డేటా షీట్‌లో చదివి వెళ్లండి. కనీసం మిథనాల్, అసిటోనైట్రైల్ రెండింటివైనా చదవండి.

టెన్త్ నుంచి పీజీ దాకా ఒరిజినల్ మెమోలు, రెండు సెట్ల జిరాక్సులు, ఫొటోలు, ఆధార్ ముందురోజే సర్దుకోండి. లంకెలపాలెం జంక్షన్‌లో హైవే దిగి లోపలికి వెళ్లాలి, పొద్దున్న షిఫ్టు బస్సులూ లారీలూ ఒకటే రద్దీ. ఫార్మా సిటీలో కంపెనీకీ కంపెనీకీ మధ్య దూరం ఎక్కువ, గేటు లొకేషన్ ముందే అడిగి పెట్టుకోండి. షిఫ్టులకి సరేనా అంటే నసగొద్దు, కానీ కంపెనీ బస్సు ఏ రూట్లో వస్తుందో తప్పకుండా అడగండి. మధురవాడలో ఉండి బస్సు గాజువాక దాకానే వస్తే, ఇల్లు మారాలా వద్దా అన్నది ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి.