శాన్‌ఫ్రాన్సిస్కో జపనీస్ టీ గార్డెన్‌కు అమ్మానాన్నలను తీసుకెళ్ళొచ్చా?

అనంతపురం నుంచి వస్తున్న అమ్మానాన్నలకు గోల్డెన్ గేట్ పార్కులోని జపనీస్ టీ గార్డెన్ నచ్చుతుందా, టికెట్ పెట్టి చూసేంత ఉందా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్ళండి. శని, ఆదివారాల మధ్యాహ్నం మాత్రం వద్దు.

మాది తాడిపత్రి. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో అక్కావాళ్ళింటికి అమ్మను తీసుకెళ్ళినప్పుడు మేం చేసిన తప్పు అదే. అక్కడ డ్రమ్ బ్రిడ్జి అనే గుండ్రటి వంతెన దగ్గర ఫొటోల కోసం పెద్ద వరస. అమ్మ కాసేపు కూర్చోడానికి కూడా చోటు దొరకలేదు. అరగంటలో బయటికొచ్చేశాం. ‘పార్కే గదప్పా, దీనికింత దూరం రావల్లనా’ అనింది.

నాకు మనసొప్పలేదు. బుధవారం పొద్దున తొమ్మిదికల్లా మళ్ళీ గేటు దగ్గరున్నాం. మేం వెళ్ళినప్పుడు సోమ, బుధ, శుక్రవారాల్లో పదిలోపు వెళ్తే ప్రవేశం ఉచితం. బయల్దేరే ముందు ఒకసారి వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆ వేళకు లోపల పట్టుమని ఇరవై మంది కూడా లేరు.

డ్రమ్ బ్రిడ్జి అంటే సగం బండి చక్రం నిలబెట్టినట్టుండే చెక్క వంతెన. నిచ్చెన ఎక్కినట్టు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులుంటే ఎక్కించకండి. కింద నుంచి చూస్తేనే బాగుంటుంది, నీళ్ళలో నీడ కలిసి చక్రం పూర్తవుతుంది.

అమ్మను కదలకుండా కూర్చోబెట్టింది మాత్రం అక్కడి రాళ్ళ తోట. 1953లో నగావో సకురాయ్ అనే ఆయన రూపకల్పన చేశారు. అందులో చుక్క నీరుండదు. నిలబెట్టిన బండలే కొండలు, బండల మధ్య సందే జలపాతం, దాని కింద పరిచిన గులకరాళ్ళే ఏరు. నాకైతే చెనక్కాయలు విత్తడానికి గొర్రు తోలిన చేను గుర్తొచ్చింది. అమ్మ చాలాసేపు చూసి, ‘ఇది మన పెన్న గదా నాయనా’ అనింది. నిజమే. మా ఊరి బుగ్గ రామలింగేశ్వరుని గుడి పక్కన ఏడాదిలో ఎక్కువ నెలలు మాకు కనపడేది ఇసుకే. అయినా దాన్ని ఏరనే అంటాం, పండగకు దానికే దండం పెట్టుకుంటాం. నీళ్ళు లేకుండా నీళ్ళను చూడడం అమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు. నాకు దాని గురించి చదివితే గానీ అర్థం కాలేదు.

ఈ టీ గార్డెన్ అంతా ఎవరిదని అమ్మ అడిగింది. 1894లో ఇక్కడ జరిగిన ఎగ్జిబిషన్ కోసం మొదలైంది. అది అయిపోయాక మకోటో హగివారా అనే జపాన్ ఆయన దీన్ని దాదాపు ఐదెకరాలకు పెంచి, కుటుంబంతో ఇక్కడే కాపురమున్నారు. ఆయన 1925లో పోయారు. 1942లో, జపాన్‌తో అమెరికా యుద్ధం చేస్తున్న కాలంలో, పశ్చిమ తీరంలోని జపాన్ మూలాలున్న వాళ్ళతో పాటు ఆ కుటుంబాన్నీ ఇల్లు ఖాళీ చేయించి క్యాంపులకు పంపేశారు. వాళ్ళ ఇల్లు కూల్చేశారు, తోట పేరు కూడా మార్చేశారు. పాత పేరు 1952లో తిరిగొచ్చింది గానీ, ఆ కుటుంబాన్ని మళ్ళీ అక్కడ ఉండనివ్వలేదు. ఇదంతా చెప్తే అమ్మ అడిగిన మొదటి మాట: ‘మరి ఆ చెట్లకు నీళ్ళెవరు పోసినారు?’ నా దగ్గర జవాబు లేదు. తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మ ఒక ముసలి చెట్టు దగ్గర ఆగి, మొదలు దగ్గర మట్టి తడిగా ఉందో లేదో వంగి చూసింది.

టీ హౌస్‌లో పాలూ చక్కెరా లేని టీ అమ్మకు గొంతు దిగలేదు. బియ్యప్పిండితో చేసే మోచి అనే జపాన్ మిఠాయి మాత్రం ‘చలిమిడి మాదిరే ఉంది’ అని ఇష్టంగా తినింది.

మీ నాన్నగారు సేద్యం చేసినవారైతే రాళ్ళ తోట దగ్గర కనీసం పావుగంట కూర్చోబెట్టండి, గైడ్ లాగా ఏమీ వివరించకండి. స్వెటర్లు మర్చిపోవద్దు. మేం వెళ్ళింది జులైలో, అయినా పొద్దున పొగమంచుకు అమ్మ శాలువా తీయలేదు.